ఆ నిధి ముట్టుకోకు, తల్లీ

అమలాపురం

చిరంజీవి అమ్మాయికి,

పెదనాన్న ఆశీస్సులు. నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేశాడు. నువ్వు ఖజానా శాఖ నుంచి డిప్యుటేషన్ మీద విశ్వవిద్యాలయానికి ఫైనాన్స్ ఆఫీసరుగా వెళుతున్నావని, ఏప్రిల్ మొదటి వారంలో చేరతావని చెప్పాడు. ఫోన్ పెట్టేయగానే మీ పెద్దమ్మకు చెప్పాను. తెల్లవారి పాలు పోయడానికి వచ్చిన మనిషికీ చెప్పాను. 31 ఏళ్ళు నేను చేసిన పనిలోకి మన ఇంటి ఆడపిల్ల, అదీ నాకంటే పెద్ద కుర్చీలోకి వెళుతోందంటే ఎంత గర్వంగా ఉందో రాయలేను. అయినా రాత్రంతా నిద్ర పట్టలేదు. సంతోషంతో పాటు భయం కూడా పట్టుకుంది. అందుకే పొద్దున్నే కాగితం తీసుకుని కూర్చున్నాను.

ఇంతవరకు నువ్వు ఇచ్చే వైపు కూర్చున్నావు. బిల్లు వస్తే ఉత్తర్వు ఉందా, బడ్జెట్ ఉందా అని చూసి పంపడమో తిప్పి పంపడమో నీ పని. ఇకమీదట అడిగే వైపు కూర్చుంటావు. డబ్బు రాని నెల గుమ్మం బయట నిలబడేవాళ్ళ ముఖాలు నువ్వే చూడాలి. ఆ ముఖాలు చూసినప్పుడు మనిషి ఏం చేస్తాడో నాకు తెలుసు.

ముందు మామూలు సంగతులు త్వరగా చెప్పేస్తాను. బడ్జెట్ పుస్తకంలో బ్లాక్ గ్రాంటు, అంటే ప్రభుత్వం ఏటా విశ్వవిద్యాలయానికి ఇచ్చే సొమ్ము, దాని అంకె ఒకటి, విడుదల ఉత్తర్వులో అంకె ఒకటి, బ్యాంకులో పడే అంకె ఇంకొకటి. మూడో అంకెనే నమ్ముకో. రాష్ట్రానికి రాబడి తగ్గినప్పుడు వడ్డీలు, తన ఉద్యోగుల జీతాలు, పింఛన్లు ఆపడం ప్రభుత్వానికి కష్టం. మనలాంటివాళ్ళ గ్రాంటు ఆపడం తేలిక. 2014లో రాష్ట్రం విడిపోయి లోటు బడ్జెట్‌తో మొదలైనప్పటి సంగతులు నువ్వు ఖజానాలో ఉండి చూసినవే. మూడు నెలలకోసారి రావలసిన విడుదలల్లో చివరిది వస్తుందని లెక్క వేసుకోకు. వస్తే మంచిదే.

నువ్వు వెళ్ళేచోట పింఛను భారం ఎంత ఉందో మొదటి రోజే అడుగు. 1926లో పుట్టిన ఆంధ్ర విశ్వవిద్యాలయం లాంటి పాత సంస్థల్లో రిటైరైనవాళ్ళ సంఖ్యే ఒక పెద్ద ఊరంత ఉంటుంది. మన వైపు సంస్థలు చిన్న వయసువి. రాజమహేంద్రవరంలో నన్నయ విశ్వవిద్యాలయం 2006లో వచ్చింది. వెంకట్రామన్నగూడెం ఉద్యాన విశ్వవిద్యాలయం 2007లో, కాకినాడ జేఎన్‌టీయూ 2008లో ఏర్పడ్డాయి. పింఛను భారం తక్కువ ఉన్నచోట కూడా ఇంకో భారం ఉంటుంది. 2004 సెప్టెంబరు 1 నుంచి చేరినవాళ్ళకు పాత పింఛను లేదు కనుక, జీతంలో కోసిన వాటా, దానికి సంస్థ కలపవలసిన వాటా ఆ నెలే వాళ్ళ ఖాతాలకు చేరాలి. డబ్బు బిగిసినప్పుడు అందరూ మొదట ఆపేది ఇదే, ఎందుకంటే అడిగేవాళ్ళు ఉండరు. ఆ మనిషి రిటైరయ్యాకగానీ నష్టం కనిపించదు.

కోసిన ఆదాయపు పన్ను మరుసటి నెల 7వ తేదీలోగా కట్టేయాలి. ఆలస్యమైతే నెలకు ఒకటిన్నర శాతం వడ్డీ, అదీ సంస్థ సొమ్ములోంచే. ఈ పేరా ఇంతటితో చాలు, ఇవన్నీ నీకు తెలుసు.

నీకు తెలియనిది ఒకటి ఉంది. మీ నాన్నకు కూడా పూర్తిగా తెలియదు.

మీ తాతగారి పొలం కాట్రేనికోన శివారులో ఉండేది. ధవళేశ్వరం నుంచి వచ్చే నీళ్ళు పై ఊళ్ళన్నిటి అవసరం తీరాక మా చేలకు చేరేవి. దాళ్వాలో, అంటే రెండో పంటకు, నీళ్ళు చాలకపోతే వంతులు పెట్టేవారు. మా వంతు వచ్చిన రాత్రి మీ తాతగారు లాంతరు పట్టుకుని గట్టు మీదే కూర్చునేవారు. వేసవిలో కాలువలు కట్టేసేముందు ఊరి మంచినీళ్ళ చెరువు నింపుకోవడం ఆనవాయితీ. ఒక ఏడు ఊడ్పులు ఆలస్యమై చివరి తడి అందలేదు. కాలువ కట్టేశారు. చేను గింజ పాలు పోసుకునే దశలో ఉంది. పక్కనే చెరువు నిండుగా ఉంది. రెండు రాత్రులు గూడ వేసి నీళ్ళు తోడితే పంట దక్కుతుందని మా చిన్నాన్న అన్నాడు. "అవి తాగే నీళ్ళురా" అని మీ తాతగారు లేచి వెళ్ళిపోయారు. ఎకరంన్నర ఎండిపోయింది. ఆ గడ్డి కోసి పశువులకు వేస్తున్నప్పుడు కూడా ఆయన ఒక్క మాట అనలేదు.

ఆ ఇంట్లో పుట్టినవాణ్ణి నేను. అయినా ఆ పని చేశాను.

1996 నవంబరు తుపాను నీకు జ్ఞాపకం ఉండదు. కోనసీమలో కొబ్బరి చెట్లు వేళ్ళతో సహా పడిపోయాయి. వెయ్యిమందికి పైగా చనిపోయారు. అప్పుడు నేను పనిచేస్తున్న సంస్థ పేరు ఇక్కడ రాయను, నీకు తెలుసు. ఉద్యోగుల్లో సగం మంది ఇళ్ళకు కప్పులు లేవు. డిసెంబరులో రావలసిన గ్రాంటు రాలేదు. నెల జీతాల బిల్లు 14 లక్షలు. సాధారణ ఖాతాలో రెండు లక్షలు కూడా లేవు. సంక్రాంతి ఎదురుగా ఉంది. ఉద్యోగుల జీతాల్లోంచి దాచిన పీఎఫ్ (భవిష్య నిధి) ఖాతాలో మాత్రం డబ్బుంది.

"తాత్కాలిక సర్దుబాటు" అని నోటు రాశాను. పదిహేను రోజుల్లో గ్రాంటు రాగానే తిరిగి జమ చేస్తామని రాశాను. నన్ను ఎవరూ బలవంతపెట్టలేదు. అక్షరాలు నావి, కింద మొదటి సంతకం నాది. పైవాళ్ళు నా మాట నమ్మి సంతకాలు పెట్టారు. జీతాలు పడిన రోజు వరండాలో మనుషులు నాకు దండాలు పెట్టారు. ఆ సాయంత్రం ఇంటికి వచ్చి మీ పెద్దమ్మతో, ఈ ఉద్యోగంలో చేరినందుకు ఈ రోజు ఒక మంచి పని చేశానని చెప్పాను. అంత నమ్మకంగా ఉన్నాను.

గ్రాంటు ఫిబ్రవరిలో వచ్చింది. సగమే వచ్చింది. అది అప్పటికి ఆగిపోయిన కరెంటు బిల్లుకు, ఆ నెల జీతాలకు సరిపోయింది. మార్చి 31తో మిగతా సగం మురిగిపోయింది. పీఎఫ్ ఖాతాలో గొయ్యి అలాగే ఉంది.

ఏప్రిల్‌లో ఒక తోటమాలి రిటైరయ్యాడు. కాట్రేనికోన వైపు మనిషే. కూతురి పెళ్ళి జ్యేష్ఠంలో పెట్టుకున్నాడు. తుది చెల్లింపు దరఖాస్తును నాలుగు మడతలు పెట్టి, ప్లాస్టిక్ సంచిలో చుట్టి, జేబులో పెట్టుకుని వచ్చేవాడు. సోమవారం సోమవారం వచ్చేవాడు. "ఇంకో రెండు వారాలు ఆగు" అనేవాణ్ణి. గొడుగు గోడకు ఆనించి, కాసేపు కూర్చుని, మంచినీళ్ళు తాగి వెళ్ళిపోయేవాడు. తర్వాత తెలిసింది, నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చి పెళ్ళి చేశాడని. అతనికి చెక్కు ఇవ్వడానికి నాకు పద్నాలుగు నెలలు పట్టింది.

ఆ రోజు రిజిస్టరులో వేలిముద్ర వేస్తూ అడిగాడు. "బాబుగారూ, ఆ సంక్రాంతికి మాకు జీతం ఇచ్చారు కదా, అది ఇందులోదేనా?" అవునన్నాను. "అయితే నా డబ్బే నాకు ఇచ్చారన్నమాట" అన్నాడు. కోపం లేదు ఆ గొంతులో. లెక్క అర్థం చేసుకున్నాడు, అంతే. చెక్కు మడిచి అదే ప్లాస్టిక్ సంచిలో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

ఆ సర్దుబాటు మీద ఆడిట్ అభ్యంతరం తొమ్మిదేళ్ళు నడిచింది. దానికి జవాబులు రాశాను, రాబట్టని వడ్డీకి లెక్కలు చెప్పాను, చివరికి అది తీరింది. ఆ మనిషి అడిగినదానికి మాత్రం ఇప్పటికీ నా దగ్గర జవాబు లేదు.

ఇది నీకు ఎందుకు చెబుతున్నానంటే, నీకు దొంగబుద్ధి ఉందని కాదు తల్లీ. నీ మంచితనమే నాకు భయం. ఇంటర్ చదివేటప్పుడు నీ పరీక్ష ఫీజు స్నేహితురాలికి ఇచ్చేసి, ఎవరికీ చెప్పకుండా, ఆఖరి రోజున అపరాధ రుసుము సహా కట్టమని నా దగ్గరకు వచ్చావు. అప్పుడు తిట్టాను. ఇప్పుడూ తిడతాను. నీది కాని డబ్బుతో దయ చూపించే హక్కు నీకు లేదు. పీఎఫ్, పింఛను నిధి, ఎవరో తల్లిదండ్రులు బిడ్డ పేరు మీద బంగారు పతకానికి ఇచ్చిన డిపాజిట్, పిల్లలు చేరేటప్పుడు కట్టి వెళ్ళేటప్పుడు తిరిగి తీసుకునే కాషన్ డిపాజిట్లు, పరిశోధన ప్రాజెక్టుల సొమ్ము, ఇవన్నీ మంచినీళ్ళ చెరువే. వేర్వేరు బ్యాంకు ఖాతాల్లో ఉంచు. సాధారణ ఖాతాకు మార్చే వీలు లేకుండా పాలక మండలి తీర్మానం చేయించు. మనిషి మనసు మెత్తబడే రోజు కోసం ఆ తీర్మానం ముందే ఉండాలి.

మరి ఆ డిసెంబరులో ఏం చేసి ఉండాలి? ఎన్నో రాత్రులు ఆలోచించాను. సంస్థ సొంత ఫిక్స్‌డ్ డిపాజిట్లు కొన్ని ఉన్నాయి. వాటి మీద బ్యాంకు అప్పు తీసుకుని ఉండవచ్చు. డిపాజిట్ వడ్డీ కంటే కాస్త ఎక్కువ పడేది, అంతే. అది చాలకపోతే ఫైనాన్స్ కమిటీని పిలిచి, అంకెలు బల్ల మీద పెట్టి, చిన్న జీతాలవాళ్ళకు పూర్తిగా, నాలాంటివాళ్ళకు సగం ఇద్దామని చెప్పి ఉండాలి. నాకు ధైర్యం లేకపోయింది. లేదని చెప్పడం నాకు చేతకాలేదు. నువ్వు చెప్పడం నేర్చుకో. చేతిలో ఎంత ఉంది, రాబోయే ఆరు వారాల్లో ఏమేం కట్టాలి, ఒక్క కాగితం మీద ప్రతి సోమవారం రాసి పైవాళ్ళకు పంపు. ఉద్యోగ సంఘాలకు కూడా చూపించు. లెక్క తెలిసినవాళ్ళు ఓపిక పడతారు, తెలియనివాళ్ళు అనుమానిస్తారు.

సంస్థ సొంత డిపాజిట్లు కూడా ఒకే ముద్దగా వేయకు. నెలకొకటి గడువు తీరేలా విడగొట్టు.

ఆదాయం ఎక్కడ ఆగుతుందో చూడు. పరీక్షల విభాగం విశ్వవిద్యాలయానికి పాడి ఆవు. జవాబు పత్రాలు దిద్దినవాళ్ళకు పారితోషికం ఆపితే తరువాతిసారి దిద్దడానికి రారు. ఫలితాలు ఆలస్యమవుతాయి, తరువాతి ఫీజులు ఆలస్యమవుతాయి, నీ లోటు నువ్వే పెంచుకున్నట్టు అవుతుంది. రూసా (ఉన్నత విద్యకు కేంద్రం పెట్టిన ఆ పథకం పేరు ఇప్పుడు పీఎం-ఉష) లాంటి కేంద్ర పథకాల డబ్బుకు, ఖర్చు చేశామని చెప్పే వినియోగ ధ్రువపత్రం పంపకపోతే తరువాతి వాయిదా రాదు. అధ్యాపకుల ఏడో వేతన సవరణప్పుడు 2016 జనవరి నుంచి 2019 మార్చి దాకా అదనపు భారంలో 50 శాతం కేంద్రం భరిస్తానంది. కానీ ముందు మనం చెల్లించి, తర్వాత లెక్క పంపి అడగాలి. కాగితం ఆలస్యమైనచోట డబ్బు ఆలస్యమవుతుంది, ఆ తప్పు ఏ ప్రభుత్వానిదీ కాదు.

కరెంటు బిల్లు నువ్వే స్వయంగా చదువు. కాంట్రాక్టు డిమాండు, అంటే విద్యుత్ సంస్థతో ఒప్పుకున్న గరిష్ఠ లోడు, ఎంతకు రాయించుకున్నామో, వాడుక ఎంతో పక్కపక్కన పెట్టు. వాడినా వాడకపోయినా రాయించుకున్నదానిలో కనీసం 80 శాతానికి డిమాండు చార్జీ పడుతుంది. ఎప్పుడో కట్టాలనుకున్న భవనాల కోసం ఎక్కువ రాయించుకుని, ఏళ్ళ తరబడి ఊరికే కడుతున్నచోట్లు నేను చూశాను.

కోతలు పెట్టవలసి వచ్చినప్పుడు గంటల లెక్కన పాఠాలు చెప్పే అధ్యాపకులు, పారిశుద్ధ్య పని చేసేవాళ్ళు, వాచ్‌మెన్లు, వీళ్ళ బిల్లులు ఫైలు అడుగుకు పోతాయి. వాళ్ళకు సంఘం బలం ఉండదు. శివారు రైతుల్లాంటివాళ్ళు. వాళ్ళ బిల్లు ఫైళ్ళ పైన పెట్టించు. ఫీజు రీయింబర్స్‌మెంట్ రాలేదని పిల్లల సర్టిఫికెట్లు బిగపట్టవద్దు. బాకీ పడింది ప్రభుత్వం, ఆ పిల్లవాడు కాదు. ఉద్యోగానికి పిలుపు వచ్చిన పిల్లవాడి చేతిలో టీసీ లేకపోతే వాళ్ళమ్మ నీ గుమ్మం దగ్గరే కూర్చుంటుంది. ఆమెకు నువ్వు ఏ నిబంధన చూపించగలవు?

ఇంకొక్కటి. ఫోన్లో చెప్పిన మాట మీద చెక్కు రాయకు. ఎంత పెద్దవాళ్ళు చెప్పినా సరే, "రాతపూర్వకంగా పంపండి సార్, వెంటనే చేస్తాను" అని వినయంగా అను. కోపం వస్తే రానీ.

ఈ ఆదివారం ఇంటికి రా. మూడేళ్ళ వార్షిక లెక్కలు, ఆడిట్ నివేదికలు, బ్యాంకు ఖాతాల జాబితా తీసుకురా. మీ పెద్దమ్మ పనసపొట్టు కూర చేస్తానంటోంది, అన్నం తిన్నాక వరండాలో కూర్చుందాం. ముందు పీఎఫ్ ఖాతా నిల్వ, దాని కింద ఉన్న ఉద్యోగుల లెక్క పక్కపక్కన పెట్టి కలుపుదాం. కళ్ళజోడు కొత్తది వేయించుకున్నాను, చిన్న అంకెలు కూడా బాగానే కనిపిస్తున్నాయి.

మీ పెదనాన్న