టీవీ విప్పి చూపిన యంత్రాలు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఇంట్లో వాడే మిషన్ల లోగుట్టు చెప్పిన పాత టీవీ కార్యక్రమాల మీద ప్రశ్నలు పంపమని పోయిన సంచికలో అడిగాం. వచ్చినవాటిలో కొన్నింటికి ఇవి జవాబులు.

ప్రశ్న: 1990ల మొదట్లో మేం ఇంగ్లండ్ వచ్చిన కొత్తలో ఛానెల్ 4లో ఒక కార్యక్రమం చూసేవాళ్లం. ఇద్దరు మనుషులు వాక్యూమ్ క్లీనర్, ఫ్రిజ్, టీవీ అన్నీ విప్పి, బొమ్మలతో చెప్పేవారు. ఒకసారి జిగురు టేపుకి తుప్పు అద్ది దాని మీద మాట రికార్డు చేశారు. దాని పేరేమిటి? ఇప్పుడు పిల్లలకు చూపించే వీలుందా? – ఒక పాఠకుడు, లండన్

జవాబు: అది 'ద సీక్రెట్ లైఫ్ ఆఫ్ మెషీన్స్'. టిమ్ హంకిన్, రెక్స్ గారడ్ కలిసి చేశారు. 1988, 1991, 1993లలో మూడు విడతలుగా మొత్తం 18 భాగాలు వచ్చాయి. హంకిన్ ఇంజినీరే కాదు, కార్టూనిస్టు కూడా. ఆ కదిలే బొమ్మలు ఆయన గీసినవే. 2021లో మెరుగుపరిచిన ప్రతులను ఆయనే యూట్యూబ్‌లో పెట్టారు. డబ్బు కట్టక్కర్లేదు. పిల్లలకైతే మొదటి విడతలోని కుట్టు మిషన్, వాషింగ్ మెషీన్ భాగాలతో మొదలుపెట్టండి.

మీరు చెప్పిన తుప్పు టేపు వీడియో రికార్డర్ భాగంలోది. క్యాసెట్ టేపు మీద గోధుమ రంగులో కనిపించే పూత కూడా ఐరన్ ఆక్సైడే. రికార్డింగ్ హెడ్ ఒక చిన్న విద్యుదయస్కాంతం. మాటతోపాటు దాని బలం మారుతూ ఉంటే, ముందు నుంచి వెళ్తున్న టేపు మీది రేణువులు ఆ తేడాలను పట్టుకుని ఉండిపోతాయి. ఇంట్లో చేయాలంటే పాడైనా పర్వాలేదనుకున్న టేప్ రికార్డరే తీసుకోండి, ఈ పొడి హెడ్‌ని అరగదీస్తుంది. మామూలు ఎర్ర తుప్పులో అయస్కాంత గుణం చాలా తక్కువ. అందుకే ముందు కాగితం మీద పొడి పోసి అయస్కాంతం చూపించండి. దానికి ఎగిరి అంటుకున్న పొడినే టేపుకి అద్దండి. పూత పలచగా ఉండాలి. మందంగా ఉంటే రాలి హెడ్ సందులో ఇరుక్కుంటుంది, ఇక ఏమీ వినిపించదు. టేపును చేత్తో లాగితే వేగం మారి గొంతు సాగుతుంది. అన్నీ కుదిరినా 'స్‌స్' అనే రొద మాత్రం తప్పదు, రేణువులు ముతక కాబట్టి.

ప్రశ్న: దూరదర్శన్‌లో వచ్చిన 'టర్నింగ్ పాయింట్', 'కంట్రీవైడ్ క్లాస్‌రూమ్' ఒకటేనా? – ఒక విద్యార్థిని, వరంగల్

జవాబు: కాదు. కంట్రీవైడ్ క్లాస్‌రూమ్ యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) వారిది, కాలేజీ విద్యార్థుల కోసం 1984 ఆగస్టు 15న మొదలైంది. టర్నింగ్ పాయింట్ 1991లో వచ్చిన సైన్సు పత్రిక లాంటిది. అందులో ప్రేక్షకుల ప్రశ్నలకు జవాబులు చెప్పిన ప్రొఫెసర్ యశ్‌పాల్ అహ్మదాబాద్‌లోని ఇస్రో స్పేస్ అప్లికేషన్స్ సెంటర్‌కు మొదటి డైరెక్టరు. 1975–76లో ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లోని 2,400 గ్రామాలకు టీవీ చేర్చిన 'సైట్' ప్రయోగం ఆ కాలంలోనిదే. ఆ రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి, కార్యక్రమాలు తెలుగులోనూ వచ్చాయి.

ప్రశ్న: కుట్టు మిషన్ భాగం చూశాను. కింది దారం పై దారానికి ఎలా ముడిపడుతుందో ఒక్కసారి చూస్తే అందలేదు. పైగా మా అమ్మ నల్ల మిషన్ ఈమధ్య కుట్టు తప్పుతోంది. ఆ రెండింటికీ సంబంధం ఉందా? – ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: ఉంది. కుట్టు ఎలా పడుతుందో కళ్లారా చూస్తే ఎందుకు తప్పుతోందో తెలిసిపోతుంది. టీవీ వాళ్లు చేసిన పనే మీరూ చేయండి: నెమ్మదిగా నడిపి చూడండి. కాలు తొక్కుడు మీద నుంచి తీసేసి, సూది కింద ఉన్న జారుడు రేకు పక్కకి తీయండి. పైన ఎర్రదారం, కింది దారం చుట్టే బాబిన్‌లో తెల్లదారం వేసి, సూది కింద గుడ్డముక్క పెట్టి, చక్రాన్ని చేత్తోనే మీవైపు తిప్పండి.

సూది అట్టడుగుకి దిగి, మళ్లీ 2 మిల్లీమీటర్లు లేచిన క్షణం దగ్గర ఆపండి. సూదితోపాటు దారం పైకి రావాలి, కానీ గుడ్డ పట్టుకుని ఉంచుతుంది. రాలేని దారం సూది వెనక చిన్న ఉంగరంలా ఉబ్బుతుంది. సరిగ్గా అప్పుడే బాబిన్ చుట్టూ తిరిగే షటిల్ కొక్కెం మొన సూది కన్నానికి కాస్త పైగా వచ్చి ఆ ఉంగరంలోకి దూరుతుంది. దాన్ని సాగదీసి బాబిన్ కేసు చుట్టూ తిప్పి వదిలేస్తుంది. అంటే ఎర్రదారం తెల్లదారం బాబిన్ మొత్తాన్నీ చుట్టి వస్తుందన్నమాట. ఆ తర్వాత పైనున్న దారం లివర్ మిగులు దారాన్ని లాగేస్తే ముడి గుడ్డ మందం మధ్యలోకి వచ్చి కూర్చుంటుంది. ఎన్నిసార్లు చూసినా తనివి తీరని దృశ్యం ఇది. పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని చూడండి.

కుట్టు తప్పిందంటే కొక్కెం ఆ ఉంగరాన్ని అందుకోలేదని అర్థం. చాలాసార్లు తప్పు సూదిదే. పూర్తిగా పైదాకా తొయ్యకుండా బిగించినా, తిరగేసి పెట్టినా, కాస్త వంగినా ఉంగరం కొక్కేనికి దూరమవుతుంది. సూదికి పొడుగు గాడి ఉన్న వైపు నుంచి దారం ఎక్కించాలి; చదునుగా ఉన్న వైపు కొక్కెం వైపుకి ఉండాలి. మామూలు నూలు గుడ్డకి 14 నంబరు, జీన్స్ లాంటి మందానికి 16, పలచని వాటికి 11. కొత్త సూది సరిగ్గా పెట్టినా తప్పుతుంటే షటిల్ టైమింగ్, అంటే కొక్కెం సూదిని కలుసుకునే వేళ, తప్పిందన్నమాట; అది మెకానిక్ పని.

గుడ్డ అడుగున దారం గూడు కడితే అందరూ బాబిన్‌ని అనుమానిస్తారు. తప్పు ఎక్కువగా పైదారంలోనే ఉంటుంది. గుడ్డని నొక్కే ఫుట్ దించి దారం ఎక్కిస్తే, దారాన్ని బిగువుగా పట్టే టెన్షన్ బిళ్లల మధ్యకి దూరదు, లివర్ లాగినా బిగుసుకోదు. ఫుట్ ఎత్తి మళ్లీ ఎక్కించండి.

ప్రశ్న: ఆ కార్యక్రమాల్లో మన రైస్ కుక్కర్ ఎక్కడా కనబడలేదు. అన్నం ఉడికిందని దానికెలా తెలుస్తుంది? – ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: అన్నం సంగతి దానికి తెలియదు, నీళ్లు అయిపోయిన సంగతి తెలుస్తుంది. గిన్నెలో నీళ్లున్నంతసేపూ అడుగు 100 డిగ్రీలు దాటదు. నీళ్లు ఇంకగానే వేడి పెరుగుతుంది. హీటర్ ప్లేటు మధ్యలో స్ప్రింగు మీద ఆడే గుండ్రటి బిళ్ల కింద ఒక ప్రత్యేకమైన పదార్థపు ముక్క ఉంటుంది. అది సుమారు 103 డిగ్రీల దగ్గర అయస్కాంతానికి అంటుకునే గుణం పోగొట్టుకుంటుంది. మీరు స్విచ్ నొక్కినప్పుడు దానికి అతుక్కున్న అయస్కాంతం అప్పుడు ఊడిపడుతుంది. మనకి వినిపించే 'టక్' అదే. నమ్మకం కుదరాలంటే బియ్యం లేకుండా అరకప్పు నీళ్లే పోసి ఆన్ చేయండి. చుక్క మిగలకుండా మరిగాకే టక్‌మంటుంది.

బియ్యం పలుకుగా ఉండగానే ఆగిపోతోందంటే ప్లేటుకీ గిన్నెకీ మధ్య మెతుకు ఉందేమో చూడండి. ఒక్క మెతుకు చాలు: గిన్నె ఎత్తుగా నిలిచి, వేడి నీళ్లకు చేరక ప్లేటులోనే పోగై, బిళ్ల ముందే కాగిపోతుంది. అన్నం మాడుతోందంటే గిన్నె అడుగు మధ్యలో సొట్టపడి బిళ్లకు ఆనడం లేదని అనుమానించండి. ప్లగ్ తీసి, చల్లారాక బిళ్లను వేలితో నొక్కండి. దిగి వెంటనే లేవాలి. గంజి ఎండి పట్టేస్తే తడి గుడ్డతో తుడిచి ఆరనివ్వండి. లైటూ లేదు, వేడీ లేదు అంటే సాధారణంగా వేడి మితిమీరితే తెగిపోయే థర్మల్ ఫ్యూజు పోయి ఉంటుంది. అదే రేటింగుది వేయించండి; దాని బదులు తీగ ముక్క కలిపితే కుక్కర్‌కి ఉన్న చివరి రక్షణ పోయినట్టే.

ప్రశ్న: ఈ వీడియోలు చూశాక మా పదేళ్లవాడు ఇంట్లో అన్నీ విప్పుతానంటున్నాడు. దేన్ని ఇవ్వొచ్చు? – ఒక తండ్రి, హైదరాబాద్

జవాబు: పాత కీ గడియారం, పాడైన మిక్సీ, పాత ఇస్త్రీపెట్టె ఇవ్వండి, ముందు ప్లగ్ తీగ కత్తిరించేసి. మిక్సీలో మోటారుకి రెండు వైపులా ఆనే కార్బన్ బ్రష్‌లు, వాటి స్ప్రింగులు చూపించండి. అరిగి పొట్టి అయినవి కనబడితే మిక్సీ ఎందుకు ఆగిందో వాడే చెప్తాడు. మైక్రోవేవ్ మాత్రం వద్దు, ప్లగ్ తీశాక కూడా అందులోని కెపాసిటర్‌లో వేల వోల్టులు నిలిచి ఉండొచ్చు. పిక్చర్ ట్యూబు టీవీ కూడా అంతే. ఇప్పటి ఫ్రిజ్‌లు చాలావాటిలో ఉండే ఆర్600ఏ గ్యాసు మండేది, కాబట్టి వెనక గొట్టాల జోలికి పోనివ్వకండి. ప్రతి మర తీసే ముందు ఫోనుతో ఫొటో తీయించండి. తీసిన మరలు ఏ వరసలో తీశాడో అదే వరసలో కోడిగుడ్ల అట్టలో వేయిస్తే తిరిగి బిగించేటప్పుడు ఒక్కటీ మిగలదు.