నిద్రమత్తులో బేరాలొద్దు

చిన్నమ్మాయికి పెద్దమ్మ ఆశీస్సులు.

డిసెంబరులో చికాగో నుంచి మద్రాసు వస్తున్నావని మీ అమ్మ చెప్పింది (చెన్నై అనడం నాకింకా అలవాటు కాలేదులే). తెల్లవారుజామున దిగి, అదే రోజు సెంట్రల్‌లో రైలెక్కి నెల్లూరు వెళ్లిపోతానన్నావట. ఆ పని చేయకు. రైల్లో మూడు గంటలే కదా అనుకుంటావు. రోజంతా విమానాల్లో నలిగిన మనిషివి, గూడూరు దాటాక కునుకు పట్టిందంటే విజయవాడలో తేలతావు. ఒక్క రోజు మా మాంబళంలో ఆగు.

మీ పెదనాన్నకు రాత్రిపూట చూపు ఆనడం లేదు, ఎయిర్‌పోర్టుకు రాలేరు. బయటికి రాగానే "టాక్సీ మేడమ్" అని చుట్టూ మూగుతారు. "వేండాం" అని నడుస్తూనే ఉండు. ఆ పూటకు ఆ ఒక్క అరవ ముక్క చాలు. యాప్‌లో బుక్ చేసుకున్న కారే ఎక్కు. మా ఇల్లు పది పన్నెండు కిలోమీటర్లే. ఎయిర్‌పోర్టు నుంచి సెంట్రల్ దాకా నేరుగా మెట్రో ఉంది, బాగుంటుంది కూడా. కానీ రెండు పెద్ద పెట్టెలతో వద్దు.

డాలర్లు, రూపాయలు వేర్వేరు పర్సుల్లో పెట్టుకో. మా అబ్బాయి దగ్గర్నుంచి తిరిగొచ్చినప్పుడు పార్కింగ్ కుర్రాడికి 20 రూపాయలనుకుని 20 డాలర్ల నోటు ఇచ్చేశాను. పాపం, వాడే వెనక్కిచ్చాడు.

అసలు కష్టం నిద్రతో. చలికాలంలో అక్కడికీ ఇక్కడికీ 11.30 గంటల తేడా, అంటే నీ పగలు మాకు రాత్రి. నేను ఆ రోజు మధ్యాహ్నం పడుకుని, రాత్రి 2 గంటలకు లేచి ఆకలికి ఆగలేక ఉప్మాకు పోపు పెట్టాను. ఆ చప్పుడుకు మీ పెదనాన్న దొంగలనుకుని కర్ర పట్టుకుని వచ్చారు! పగటి వెలుతురు కంట పడితేనే ఒంట్లో గడియారం కదులుతుంది, అదీ రోజుకు గంటో గంటన్నరో. అందుకే పగలు గంటకు మించి పడుకోకు, అలారం పెట్టుకో. సాయంత్రం నాతో రంగనాథన్ వీధికి రా, ఆ తోపులాటలో నిద్ర దానంతటదే ఎగిరిపోతుంది. మధ్యాహ్నం దాటాక కాఫీ మాత్రం అడగకు, ఇవ్వను. పెరుగన్నం పెడతాను. కుళాయి నీళ్లు ముట్టుకోకు, ఇంట్లో క్యాన్ నీళ్లున్నాయి.

నెల్లూరు టికెట్ మర్నాటికి తీసుకో. 60 రోజుల ముందే బుకింగ్ మొదలవుతుంది, పండగ రోజుల్లో సీట్లు ఆగవు.

చాక్లెట్లు తేవద్దు. మీ పెదనాన్నకు షుగరు 200 దాటింది, అయినా దాచుకుని తింటున్నారు.

పెద్దమ్మ