వ్యాన్ కొనబోతున్న మేనకోడలికి మావయ్య ఉత్తరం

చిరంజీవి మేనకోడలికి మావయ్య ఆశీర్వదించి రాయునది.

పాత వ్యాన్ ఒకటి కొని, లోపల పడక, పొయ్యి అమర్చుకుని, సర్ఫింగ్ బోర్డు, సైకిలు వేసుకుని రుషికొండ నుంచి మంగళూరు దగ్గరి ముల్కి దాకా తీరం వెంట తిరగాలని నువ్వు అనుకుంటున్నట్లు అక్కయ్య ఫోనులో చెప్పింది. ఆమె గొంతులో భయమే వినిపించింది కానీ, నాకు మాత్రం ముందు గర్వం కలిగింది. మన ఇంటి ఆడపిల్ల అలల మీద నిలబడడమే గొప్ప అనుకుంటే, ఇప్పుడు తన బండిని తానే కట్టుకుంటానంటోంది. భయం ఆ రాత్రి పడుకున్నాక వచ్చింది. విజయవాడ ఆటోనగర్ బాడీ బిల్డింగ్ షెడ్డులో బతుకంతా గడిపినవాణ్ని కాబట్టి, ఆ భయాన్ని నీకు పనికివచ్చేలా రాయాలని కూర్చున్నాను.

ముందు నీ బోర్డు కొలుచుకో, తరువాత బండి పేరు చెప్పు. తొమ్మిదడుగుల బోర్డంటే దాదాపు 2.74 మీటర్లు. మారుతి ఈకో వ్యాన్ మొత్తం పొడవే నాలుగు మీటర్ల లోపు కాబట్టి, ఆ బోర్డును లోపల పెట్టి నువ్వు కాళ్లు చాపి పడుకోవడం కుదరదు. పైన కట్టుకుని వెళ్తే గాలికి బండి ఊగుతుంది, తాడు తెగితే వెనక వచ్చేవాళ్ల ప్రాణానికి ముప్పు. అందుకే నీకు టాటా వింగర్ గానీ ఫోర్స్ ట్రావెలర్ గానీ సరిపోతుంది. 2007లో వచ్చిన వింగర్‌కు ఇంజను శక్తి ముందు చక్రాలకే వెళ్తుంది, వెనక చక్రాలకు శక్తిని మోసే పొడవాటి ఇరుసు, అంటే ప్రొపెల్లర్ షాఫ్ట్, కింద ఉండదు, కాబట్టి బండి లోపలి నేల తక్కువ ఎత్తులో ఉంటుంది. తడి బోర్డును ఒక్కదానివే ఎక్కించుకోగలవు. అయితే దానికి లారీకి ఉన్నట్లు అడుగున బరువు మోసే విడి చట్రం, అంటే చాసిస్, లేదు, బాడీయే చాసిస్. నేల పుచ్చితే బండే పుచ్చినట్లు. ట్రావెలర్ నేల కాస్త ఎత్తు, కానీ ఎత్తు కప్పు ఉన్న రకంలో నిలబడి బట్టలు మార్చుకోవచ్చు, మన రోడ్ల మీద ఏ ఊళ్లో ఆగిపోయినా దాన్ని విప్పడం తెలిసిన మేస్త్రీ దొరుకుతాడు. నన్నడిగితే ట్రావెలర్.

బరువు సంగతి ఎవరూ ఆలోచించరు. పద్దెనిమిది మిల్లీమీటర్ల ప్లైవుడ్ పూర్తి షీటు ఒక్కటే ముప్పై కిలోలు దాటుతుంది, అరవై లీటర్ల నీళ్లంటే అరవై కిలోలు, ఇంటి ఇన్వర్టరుకు వాడే పెద్ద బ్యాటరీ యాభై కిలోల పైమాటే. ఆర్సీలో ఖాళీ బరువు, మొత్తం బరువు రెండూ రాసి ఉంటాయి. ఆ రెంటి మధ్య తేడాలోనే నీ పడక, నీ ఆట సామాను, నువ్వు అన్నీ ఇమడాలి. పని పూర్తయ్యాక కాటాకు తీసుకువెళ్లి ముందు చక్రాలను, వెనక చక్రాలను విడివిడిగా తూయించు. టైరు పక్కన ఉన్న నాలుగంకెలలో మొదటి రెండు వారం, తరువాతి రెండు సంవత్సరం. పాత టైర్లయితే ఆ ఖర్చును ధరలో తగ్గించి అడుగు.

కాగితాల విషయంలో మొండికేయకు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం బండి నిర్మాణాన్ని మన ఇష్టానికి మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. రేకు మీద కత్తెర పడకముందే ఆర్టీవో ఆఫీసుకు వెళ్లి అడుగు, బీమా కంపెనీకి రాతపూర్వకంగా తెలియజెయ్యి.

ఇక నన్ను నిద్రపోనివ్వనిది రాస్తాను. మీ చిన్న మావయ్య సంగతి అక్కయ్యకే తెలియదు, నీకు ఎవరు చెబుతారు? నువ్వు పుట్టకముందు, కాలేజీ వాలీబాల్ జట్టులో ఆడే రోజుల్లో, వాడు స్నేహితుడితో కలిసి ఒక పాత మారుతి ఓమ్ని వ్యాన్ కొన్నాడు. కొత్త తెల్ల రంగు, కొత్త సీటు కవర్లు, నేలంతా అతికించిన నల్ల రబ్బరు మ్యాటు. నాకు చూపించేదాకా ఆగితే వేరేవాడు ఎగరేసుకుపోతాడని అదే సాయంత్రం డబ్బు కట్టేశాడు. ఆ బండి బందరు నుంచి చేపల బుట్టలు మోసిందని అమ్మినవాడు చెప్పలేదు. ఐసు కరిగిన ఉప్పునీరు ఏళ్ల తరబడి మ్యాటు కింద నిలిచి నేల రేకు జల్లెడ అయిపోయింది. సంక్రాంతి సెలవుల్లో నెట్టు, బంతులు వేసుకుని ఇద్దరూ లంబసింగి వెళ్లారు. అక్కడ తెల్లవారుజామున చలి సున్నా డిగ్రీల దగ్గరికి దిగుతుంది. ఓమ్నికి ఇంజను ముందు సీట్ల కిందే ఉంటుంది కాబట్టి, దాన్ని ఆడిస్తూ ఉంచితే వెచ్చగా ఉంటుందని అద్దాలన్నీ బిగించి పడుకున్నారు. సైలెన్సరు గొట్టం అతుకు దగ్గర విరిగి ఉంది, పొగ నేల రేకు చిల్లుల గుండా లోపలికి చేరింది. అందులోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ లేదు, వాసనా లేదు. అది ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా రక్తంలోని హిమోగ్లోబిన్‌ను పట్టుకుంటుంది. స్నేహితుడికి వాంతి వచ్చినట్లయి తలుపు తోసుకుని కింద పడ్డాడు. ఆ తెరుచుకున్న తలుపే ఇద్దరినీ బతికించింది. నర్సీపట్నం ఆసుపత్రికి నేను వెళ్లేసరికి మీ చిన్న మావయ్య ఆక్సిజన్ మాస్కుతో పడుకుని ఉన్నాడు, నా పేరు చెప్పడానికి తడుముకున్నాడు. తరువాత బండిని షెడ్డుకు తెచ్చి మ్యాటు లాగితే, తుప్పు పట్టిన రేకు దానితో పాటే ఊడివచ్చింది.

అందువల్ల, తల్లీ, అమ్మేవాడు ఎంత గొణిగినా సరే మ్యాటు మొత్తం ఎత్తించి చూడు. స్క్రూడ్రైవర్ పిడితో రేకు మీద తట్టుకుంటూ పో. మంచి రేకు ఖంగుమంటుంది, పుచ్చిన రేకు మొద్దుగా పలుకుతుంది. చక్రాల గూళ్ల మీద, తలుపుల అడుగున అయస్కాంతం పెట్టు. అంటుకోకపోతే అక్కడ పుట్టీ దట్టంగా ఉన్నట్లు. కింద కొత్తగా నల్లరంగు కొట్టి ఉంటే ఇంకా అనుమానించు. నీ బోర్డు నుంచీ ఉప్పునీరే కారుతుంది కాబట్టి, అంచులు లేచిన ట్రే ఒకటి చేయించి, ప్రతి ప్రయాణం తరువాత బండి అడుగు మంచినీళ్లతో కడిగించు.

ఇంజను ఆడుతుండగా నిద్రపోవద్దు, ఏసీ కోసమైనా సరే. జనరేటరు కొనవద్దు. 2024 డిసెంబరులో కేరళలోని వడకరలో రోడ్డు పక్కన ఆపిన కారవాన్‌లో ఇద్దరు చనిపోయి కనిపించారు. జనరేటరు నుంచి వచ్చిన ఇదే వాయువు కారణమని తేలింది. కార్బన్ మోనాక్సైడ్‌ను పసిగట్టి మోగే అలారం ఒకటి తలగడ దగ్గర బిగించుకో, దాని డబ్బు నేను పంపుతాను. గ్యాసు పొయ్యి బయటే వెలిగించు, ఎంత వాన పడుతున్నా సరే.

నచ్చిన బండి దొరికితే ఆర్సీ ఫోటో నాకు పంపు, నేను చూసేదాకా ఒక్క రూపాయి కూడా అడ్వాన్సు ఇవ్వకు. ఒక రోజు ముందు చెబితే చాలు, రత్నాచల్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి మధ్యాహ్నానికి విశాఖలో ఉంటాను. బండి కిందికి దూరి చూడడానికి నా మోకాళ్లు సహకరించవు కాబట్టి, మీ చిన్న మావయ్యను కూడా వెంట తెస్తాను.

ఇట్లు,
మీ మావయ్య