పులస పులుసుతో హంగేరీ వైన్ కుదురుతుందా?

ప్రశ్న: మా అల్లుడు బుడాపెస్టులో ఉద్యోగం చేస్తున్నాడు. మొన్న వచ్చినప్పుడు రెండు తెల్ల వైన్ సీసాలు తెచ్చాడు. పెద్దదాని మీద టొకాయ్ ఫుర్మింట్ అని, చిన్నదాని మీద టొకాయ్ అసూ అని ఉంది. చేపకి తెల్ల వైనే సరిజోడు, పులస పులుసు వండిన రోజు తీద్దామని మా తోడల్లుడు అంటున్నాడు. కుదురుతుందా? చిన్నది బూజు పట్టిన ద్రాక్షతో చేస్తారట, తాగొచ్చా?
— ఒక పాఠకుడు, రాజోలు

జవాబు: పులుసుతో వద్దండీ. చేపకి తెల్ల వైన్ అనేది చింతపండు ఎరగని దేశాల మాట. ఫుర్మింట్ ద్రాక్షకి పుట్టుకతోనే పులుపెక్కువ, ఆ పులుపే దాని బలం. అంతకన్నా పుల్లటి పులుసు తిని ఒక గుక్క వేశారంటే వైన్ నీళ్ళలా చప్పగా తగులుతుంది, పైగా మన కారానికి అందులోని ఆల్కహాల్ గొంతులో మంట రేపుతుంది. పులసకి పెట్టిన డబ్బూ పోతుంది, సీసా రుచీ పోతుంది. ఆవకాయకీ, గోంగూరకీ కూడా ఇదే మాట.

ముందు లేబుల్ చూడండి. 'సారజ్' అని ఉంటే తీపి లేని రకం, 'ఏదెష్' అంటే తియ్యటిది. తీపి లేనిదైతే పండుగప్ప వేపుడు చేయించండి. ఉప్పు, పసుపు, మిరియాల పొడి, కొంచెం అల్లం వెల్లుల్లి పట్టించి, పెనం మీద తక్కువ నూనెలో అంచులు ఎర్రబడేదాకా కాల్చాలి, ఎండుమిర్చి జోలికి పోకూడదు. ఉప్పు తగిలితే వైన్ పులుపు మెత్తబడుతుంది, ఆపిల్, బేరిపండు లాంటి వాసన అప్పుడు పైకి వస్తుంది. కొబ్బరిపాలు పోసి వండిన రొయ్యలైతే ఇంకా బాగుంటుంది, కోనసీమలో ఉన్నారు కాబట్టి కొబ్బరికి కొదవ లేదు. నన్నడిగితే మొదటి ఓటు దానికే.

టొకాయ్ హంగేరీ ఈశాన్యంలో, బొద్రోగ్ నది తీసా నదిలో కలిసే చోట ఉన్న చిన్న పట్టణం. చుట్టూ కొండలన్నీ ఎప్పుడో చల్లారిపోయిన అగ్నిపర్వతాలు. ఈ తోటల ప్రాంతానికి 1737లోనే రాజశాసనంతో హద్దులు గీశారు, 2002లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. అక్కడివాళ్ళూ నది చేపల్ని ఎర్రటి మిరపపొడి వేసి పులుసులా కాచుకుంటారు, కానీ అందులో చింతపండు ఉండదు.

ఇక బూజు సంగతి. నిజమే, నిశ్చింతగా తాగొచ్చు. శరదృతువులో పొద్దున్నే నదుల మీంచి మంచు లేచి తోటల్ని కమ్ముతుంది, మధ్యాహ్నానికి ఎండ కాస్తుంది. ఆ తడికి బొట్రైటిస్ అనే బూజు పండు తొక్కకి కంటికి కనిపించని చిల్లులు పొడిస్తే, ఎండకి లోపలి నీరు ఆవిరై పండు కిస్మిస్‌లా ముడుచుకుపోతుంది, తీపీ పులుపూ రెండూ చిక్కబడతాయి. ఎండ రాకుండా వానే పట్టుకుందా, అదే బూజు గుత్తిని కుళ్ళబెడుతుంది. కోతల వేళ ముసురు పడితే పనలు ఏమవుతాయో మీకు వేరే చెప్పాలా, అక్కడి రైతుదీ అదే టెన్షన్. ముడుచుకున్న పళ్ళని ఒక్కొక్కటిగా చేత్తో ఏరి, ద్రాక్షరసంలోనో కొత్త వైన్‌లోనో నానబెట్టి అసూ చేస్తారు. లీటరుకి కనీసం 120 గ్రాముల చక్కెర ఉంటుంది, అయినా ఆ పులుపు వల్ల వెగటు కొట్టదు.

తియ్యగా ఉంది కదా అని తాపేశ్వరం కాజాతో మాత్రం పెట్టకండి, పాకం తీపి ముందు వైన్ పుల్లగా అయిపోతుంది. నేతిలో వేయించి ఉప్పు, మిరియాలు చల్లిన జీడిపప్పు చాలు. కారం తిన్న నోటికి కూడా పెద్ద సీసా కన్నా ఇదే నయం.

రెండూ ఫ్రిజ్‌లో బాగా చల్లబడాలి, పది డిగ్రీల దగ్గర బాగుంటాయి. మన ఉక్కకి గ్లాసులో పోసిన కాసేపటికే వేడెక్కిపోతుంది కాబట్టి కొద్దికొద్దిగా పోసుకుని సీసా ఐసులోనే ఉంచండి. ఫుర్మింట్ తెరిచాక మూడు రోజుల్లో అవగొట్టండి. అసూ అయితే బిరడా గట్టిగా బిగించి ఫ్రిజ్‌లో పెడితే కొన్ని వారాలు ఉంటుంది.