కనురెప్ప మీది గడ్డకు గుండె మందు ఎందుకు?

ప్రశ్న: మా మనవరాలికి మూడు నెలలు. పుట్టినప్పుడు ఏమీ లేదు. రెండు వారాలకు కుడి పైరెప్ప మీద ఎర్రటి చుక్క కనిపించింది. ఇప్పుడది రేగుపండంత అయి కన్నును సగం మూసేస్తోంది. గ్రహణం నాడు కోడలు బయట తిరిగినందుకే ఇలా అయిందని బంధువులు అంటున్నారు. పెద్దయ్యాక అదే పోతుందని మరికొందరు చెబుతున్నారు. డాక్టరు గారు మాత్రం గుండె జబ్బులకు వాడే ప్రొప్రానొలాల్ రాశారు. పసిబిడ్డకు ఆ మందు వేయవచ్చా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: మీ వివరాలను బట్టి ఇది హెమాంజియోమా, అంటే రక్తనాళాల కణాలు అతిగా పెరగడం వల్ల ఏర్పడే, క్యాన్సర్ కాని గడ్డ అయి ఉండవచ్చు, బిడ్డను పరీక్షించిన వైద్యులదే తుది మాట. దీనికీ గ్రహణానికీ ఏ సంబంధమూ లేదు కనుక మీ కోడలిని ఎవరూ నిందించకుండా చూడండి.

అదే పోతుందన్న మాటలో నిజం ఉంది. ఇవి తొలి ఐదు నెలల్లో వేగంగా పెరిగి, ఏడాది వయసు నుంచి మెల్లగా కుంగుతూ, నాలుగేళ్లకు చాలావరకు తగ్గిపోతాయి. వీపు మీద చిన్న గడ్డ అయితే నేనూ వేచి చూడమనే చెబుతాను. కంటి విషయంలో అలా కుదరదు. పసితనంలో మెదడు చూపును నేర్చుకుంటూ ఉంటుంది. రెప్ప మూసుకుపోయి దృశ్యం అందకపోయినా, గడ్డ ఒత్తిడికి నల్లగుడ్డు వంపు మారి దృశ్యం మసకబారినా, మెదడు ఆ కంటిని వాడుకోవడం మానేస్తుంది. ఆ తర్వాత గడ్డ కరిగినా పోయిన చూపు పూర్తిగా రాకపోవచ్చు. అందుకే ఈ వారంలోనే పిల్లల కంటి వైద్యులకు కూడా చూపించండి.

ఇక మందు సంగతి. ఫ్రాన్స్‌లోని బోర్డోలో, ముక్కు మీద ఇలాంటి గడ్డ ఉన్న బిడ్డకు స్టెరాయిడ్ల వల్ల గుండె కండరం మందమైతే ప్రొప్రానొలాల్ ఇచ్చారు. మరునాటికే గడ్డ రంగు మారి మెత్తబడింది. ఆ వైద్యులు 2008లో ఈ సంగతిని ప్రకటించారు. 2014లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఈ జబ్బుకు ఆ మందును ఆమోదించింది.

గుండె వేగం, రక్తపోటు, ఊపిరితిత్తులు పరీక్షించాకే, బరువును బట్టి మోతాదు నిర్ణయిస్తారు. రక్తంలో చక్కెర పడిపోయే ప్రమాదం ఉంది కాబట్టి పాలు పట్టే వేళలోనే మందు వేయాలి. బిడ్డ పాలు తాగకపోయినా, వాంతులు అవుతున్నా, ఆయాసపడుతున్నా ఆ పూట మందు ఆపి డాక్టరుకు ఫోన్ చేయండి. మగతగా ఉండి చెమటలు పడితే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. గడ్డ మీద పసర్లు రాయవద్దు. సాధారణంగా కనీసం ఆరు నెలలు వాడాల్సి ఉంటుంది. గడ్డ చిన్నదైందని మధ్యలో మీరే మానేస్తే మళ్లీ పెరిగే అవకాశం ఉంది.