చదివినవారి సంఖ్య వేరు, పాఠకులు వేరు

దేవరకొండలో ఉంటూ కథలు రాస్తున్నానని, పత్రికలకు పంపితే జవాబు రావడం లేదని, అంతర్జాలంలో ఎవరైనా కథలు పెట్టుకోగల ప్రతిలిపి వంటి వేదికల్లో పెడితే చదివేవారూ అండగా నిలిచేవారూ దొరుకుతారా అని మీరు అడిగారు. దొరుకుతారు. అయితే తెర మీద కనిపించే సంఖ్యకూ, నిజంగా చదివినవారికీ చాలా తేడా ఉంటుంది. అది నాకు అర్థం కావడానికి దాదాపు రెండేళ్లు పట్టింది.

నాది నాగర్‌కర్నూల్ దగ్గరి పల్లె, జూనియర్ కళాశాలలో పాఠాలు చెబుతాను. 2019లో పద్నాలుగు పుటల కథనొకదాన్ని ఏకమొత్తంగా ప్రతిలిపిలో పెట్టాను. నన్ను అనుసరించిన మొదటి ముప్పై మందిలో ఇరవై మంది మా చుట్టాలే. వారెవరూ దాన్ని చదవలేదన్న సంగతి తర్వాత ఒక పెళ్లిలో కథ గురించి మాట వచ్చినప్పుడు తెలిసింది. బస్సులోనో, వంట పూర్తయ్యాకనో ఫోన్ తెరిచేవారికి పద్నాలుగు పుటలు ఎక్కువ. తర్వాతి కథను ఆరు భాగాలు చేసి, ప్రతి గురువారం రాత్రి ఒక భాగం చొప్పున పెట్టాను. కొత్త భాగం రాగానే అనుసరించేవారి ఫోన్‌కు కబురు వెళ్తుంది కనుక, చెప్పిన రోజు తప్పకుండా పెట్టే రచయిత కోసం కొందరు ఎదురుచూడటం మొదలుపెడతారు. ఒక వారం పరీక్ష పేపర్లు దిద్దే పనిలో పడి భాగం పెట్టలేకపోతే, ఆ తర్వాతి భాగాన్ని చదివినవారు సగానికి తగ్గారు.

ఆ కథలోని సంభాషణలను మా ఊరి మాటలోనే రాశాను. "ఇదేం భాష, అర్థం కావడం లేదు" అని ఇద్దరు ముగ్గురు రాస్తే, మార్చేద్దామా అని ఒక దశలో అనుకున్నాను కూడా. అప్పుడే పుణెలో పనిచేసే ఒక అచ్చంపేట వైపు అమ్మాయి నుంచి వ్యాఖ్య వచ్చింది. నేను పల్లికాయ పీకడాన్ని తొలకరి నాటి ముచ్చటగా రాశాను. "సార్, మా దిక్కు పల్లికాయ యాసంగి పంట, మాఘమాసంల పీకుతరు, తొలకరికి చేన్ల ఏముంటది?" అని ఆమె అడిగింది. పల్లెలో పుట్టి అంత తప్పు రాసినందుకు సిగ్గుపడ్డాను గానీ, నా కథను ఒక మనిషి అక్షరం అక్షరం చదివిందని తెలిసింది మాత్రం ఆ రోజే. ఆ భాగాన్ని సరిదిద్ది, ఆమెకు ధన్యవాదాలు చెప్పాను. ఆ తర్వాత పుణె, భివండి, ముంబై వైపు వలసపోయిన మనవాళ్లు ఒక్కొక్కరే రావడం మొదలైంది. ఊరి మాట వినడానికే చదువుతున్నామని కొందరు రాశారు.

మిగతా పాఠకులు దొరికింది నేను ఇతరుల రచనలు చదివినప్పుడు. "బాగుంది" అని రాసి వదిలేయకుండా, ఎక్కడ నచ్చిందో, ఎక్కడ తడబడ్డామో నాలుగు వాక్యాల్లో రాస్తే, ఆ రచయిత తప్పక మన కథ వైపు వస్తారు. అలా కలిసిన ఎనిమిది మందిమి వాట్సాప్‌లో చిన్న గుంపుగా ఏర్పడి, చిత్తుప్రతులను ఒకరివొకరం చదివి నిర్మొహమాటంగా చెప్పుకుంటాం. ఇది మన ప్రాంతానికి కొత్త కాదు. తెలంగాణలో కవులు లేరన్న మాటకు జవాబుగా మన పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి గారు 1934లో 354 మంది కవులను గోలకొండ కవుల సంచికలో ఒక్కచోట చేర్చారు. ఆయన ఆ పని పత్రికాధిపతిగా చేయగలిగారు, మనం ఫోన్‌తో చేసుకోవాలి.

ఒక తప్పు గురించి కూడా చెప్పాలి. ప్రేమకథలకూ, దయ్యం కథలకూ ఆ వేదికలో చదివేవారు ఎక్కువని గమనించి నేనూ ఒక దయ్యం ధారావాహిక రాశాను. దానికి వచ్చిన సంఖ్య నా మిగతా కథలన్నింటికీ కలిపి వచ్చిన దానికన్నా ఎక్కువ. అది ముగించి మళ్లీ వలస కథ మొదలుపెడితే వారిలో పది మంది కూడా వెంట రాలేదు. మీకు దయ్యం కథలు ఇష్టమైతే నిస్సంకోచంగా రాయండి, సంఖ్య కోసం మాత్రం వద్దు.

ఇంకొక చిక్కు ఉంది. ఈమాట వంటి వెబ్ పత్రికలు ఇంతకుముందు ఎక్కడా వెలువడని రచనలనే కోరతాయి, అంతర్జాలంలో పెట్టినది కూడా వెలువడినట్టే లెక్క. అందుచేత మీకు బాగా నమ్మకమున్న రెండు మూడు కథలను పక్కన ఉంచుకుని ముందు వాటికి పంపండి. నిరాకరించినా కొన్నిసార్లు సంపాదకుల నుంచి వచ్చే సూచనలకు విలువ ఉంటుంది.

హక్కుల విషయంలో నేను దెబ్బతిన్నాను. నా కథనొకదాన్ని ఎవరో ఆడియోగా చదివి నా పేరు లేకుండానే పెట్టుకున్నారు. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం రాసిన క్షణం నుంచే హక్కు రచయితది, నమోదు తప్పనిసరి కాదు. హక్కును బదిలీ చేయాలంటే రాతపూర్వకంగా ఉండాలి, అందులో గడువు రాయకపోతే దాన్ని ఐదేళ్లుగా పరిగణిస్తారు. ఆడియోకో, పుస్తకానికో ఎవరైనా ఒప్పందం పంపితే గడువు ఎంతో, ఏయే హక్కులు అడుగుతున్నారో చూసి సంతకం చేయండి. పోటీ పేరిట సంకలనంలో వేస్తామని రుసుము అడిగేవారి జోలికి పోకండి.

నిరుడు నా కథలను రెండు వందల ప్రతులు సొంతంగా అచ్చువేయించాను. నూట నలభై అమ్ముడుపోయాయి, అందులో సగానికి పైగా పుణె, భివండి చిరునామాలకే పంపాను. మా చుట్టాలకు ఉచితంగా ఇచ్చినవి ఈ లెక్కలో లేవు.