పేజీలు లెక్కపెట్టుకోకు

టెక్కలి

అమ్మలూ,

గంట క్లాసులో నీ రూమ్మేట్ నాలుగు పేజీలు రాస్తే నీకు పేజీన్నర కూడా అవలేదని మొన్న ఫోన్లో దిగులుపడ్డావు. ఆ నాలుగు పేజీలూ అడిగి చదివావా? శ్రీకాకుళంలో ఫిజిక్స్ చెప్పినన్నాళ్ళూ చూశాను, తలెత్తకుండా రాసేవాళ్ళ నోట్సులో నా దగ్గు తప్ప అన్నీ ఉండేవి. ప్రశ్న వేస్తే మాత్రం పేజీలు తిప్పుకునేవారు.

లెక్చరర్ నిమిషానికి వంద మాటలకు పైనే మాట్లాడతాడు. చేత్తో రాసేది అందులో పాతిక దాటడం కష్టం. మిగతాది ఎవరైనా వదిలెయ్యాల్సిందే. ఏది వదలొచ్చో తెలియాలంటే పాఠం ముందే కాస్త పరిచయం ఉండాలి. ఆ పిల్ల విశాఖలో చిన్నప్పట్నుంచీ ఇంగ్లీషు మీడియం. నువ్వు ఇంటర్ దాకా 'జడత్వ భ్రామకం' అని చదివి, ఇప్పుడు 'మొమెంట్ ఆఫ్ ఇనర్షియా' వింటున్నావు. దాన్ని తెలుగులోకి తెచ్చుకుని, స్పెల్లింగ్ వెతుక్కునేసరికి సారు బోర్డు తుడిచేస్తారు. మనసు ఒక్కసారికి పట్టుకునేది నాలుగైదు ముక్కలే. రెండు స్పెల్లింగుకే పోతే పాఠానికి ఏం మిగులుతుంది?

ఒకబ్బాయి నా క్లాసులో పెన్నే తీసేవాడు కాదు. పొగరనుకుని బయటికి పంపాను. మర్నాడు బోర్డు దగ్గరికి పిలిస్తే డెరివేషన్ మొత్తం రాసేశాడు. వాళ్ళన్నయ్య పుస్తకం సెలవుల్లోనే చదివేశాడట. ఆ పూట నాకు సిగ్గేసింది.

అంచేత ముందురోజు రాత్రి పావుగంట కూర్చో. రేపటి పాఠంలో కొత్త మాటలు పది ఏరి, స్పెల్లింగుతో సహా మార్జిన్లో రాసిపెట్టుకో. అర్థం కాకపోయినా ఫర్వాలేదు. క్లాసులో తెలుగూ ఇంగ్లీషూ కలిపే రాసుకో, పొట్టి గుర్తులు పెట్టుకో, నీ నోట్సు ఇంకెవరికీ అర్థం కానక్కర్లేదు. బొమ్మలు, ఫార్ములాలు మాత్రం ఉన్నదున్నట్టు దించు.

ఆన్‌లైన్ టెస్టులో 'చూసి నేర్చుకునే రకం' అని వచ్చిందన్నావు, అది పట్టించుకోకు. 2008లో అమెరికాలో నలుగురు మనస్తత్వ శాస్త్రవేత్తలు పాత పరిశోధనలు తిరగేసి, రకాన్ని బట్టి పాఠం చెబితే బాగా వస్తుందనడానికి సరైన ఆధారం లేదన్నారు. నీకూ ఆ పిల్లకూ తేడా లేదనను. రాసే వేగం వేరు, భాష వేరు, ముందే తెలిసినది వేరు. వాటిలో రెండు నువ్వు మార్చుకోగలవు.

ఎచ్చెర్లలో క్లాసులయ్యాక బస్సులో వచ్చేటప్పుడు నోట్సు తెరవకు. ఇవాళ ఏం చెప్పారో గుర్తు తెచ్చుకో, ఆగిపోయిన చోటు గది చేరాక చూసుకో. 2006లో రోడిగర్, కార్పికే అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు చేసిన ప్రయోగంలో, మళ్ళీ మళ్ళీ చదివినవాళ్ళు అయిదు నిమిషాల తర్వాత పెట్టిన పరీక్షలో ముందున్నారు. వారం తర్వాత చూస్తే, కాగితం పక్కన పెట్టి గుర్తు తెచ్చుకున్నవాళ్ళే ముందున్నారు. మన పరీక్షలు అయిదు నిమిషాల్లో రావు కదా!

దసరాకి వచ్చేటప్పుడు నీ నోట్సు పట్టుకురా. బొమ్మలు సరిగ్గా దించావో లేదో నేనే చూస్తాను.

మీ తాతయ్య